వైద్య మిషన్ ట్రిప్‌కు డబ్బు కట్టబోయేవారికి హెచ్చరిక: మందుల సీసాల మీది తెల్ల స్టిక్కర్లు గీకి చూడండి

నేను తిరిగి వచ్చి నేటికి తొమ్మిదో రోజు. మలేరియా రాకుండా వేసుకునే డాక్సీసైక్లిన్‌ను ఆ ప్రాంతం విడిచి వచ్చిన తర్వాత కూడా 4 వారాలు కొనసాగించాలి కనుక ప్రతి ఉదయం ఒక మాత్ర మింగుతున్నాను, మింగిన ప్రతిసారీ అక్కడ జరిగినదంతా మళ్లీ గొంతులోకి వస్తోంది. కోపం చల్లారాక నెమ్మదిగా రాద్దామనుకున్నాను గాని, తరువాతి బృందానికి పేర్లు తీసుకోవడం అప్పుడే మొదలుపెట్టారని నిన్న తెలిసింది. సంస్థ పేరు రాయడం లేదు. విశ్వాసులను ఉచిత వైద్య సేవ పేరుతో ఏటా రెండు బృందాలుగా విదేశాలకు తీసుకువెళ్తామని చెప్పుకునే ఆ సంస్థ ఏదో, కన్నీళ్లు తెప్పించే ఆ వీడియోలు ఎవరివో, మిషన్ ట్రిప్‌ల గురించి కాస్త వాకబు చేసినవారికి నేను వేరే చెప్పనక్కర లేదు. వెళ్లిన దేశం పేరు కూడా రాయను, ఎందుకంటే జరిగిన దానిలో ఆ దేశం తప్పేమీ లేదు.

వెనకటి సంగతి త్వరగా ముగిస్తాను. నేను ఫార్మసిస్టును. గడువు తేదీ చూడడమన్నది నన్ను నిద్రలో లేపి అడిగినా చేసే పని. అలాంటి నేను, మూడు నెలల జీతం కట్టి, ఏడాది సెలవులన్నీ ఒకేసారి వాడుకుని, ఏయే మందులు తీసుకువెళ్తున్నారో ఒక్క జాబితా కూడా అడగకుండా విమానం ఎక్కాను. ఎల్లో ఫీవర్ టీకా ధ్రువపత్రం టీకా వేయించుకున్న 10 రోజుల తర్వాత గాని చెల్లదు, ఆ సంగతి వారు మాకు ప్రయాణానికి 12 రోజుల ముందు చెప్పారు. అప్పుడే అనుమానించి ఉండవలసింది. విదేశీ వైద్యులు, నర్సులు అక్కడ రోగులను చూడడానికి ఆ దేశపు వైద్య మండలి నుంచి తాత్కాలిక అనుమతి తీసుకున్నారా అని నేను ఫోనులో అడిగితే, "తలుపులు తెరిచేవాడు దేవుడు, సిస్టర్" అని సమాధానం వచ్చింది. సిగ్గుపడుతూ ఒప్పుకుంటున్నాను, ఆ జవాబు విని నాకు ముచ్చట వేసింది.

మొదటి రోజు ఒక పాఠశాల వరండాలో క్యాంపు పెట్టాము. పద్నాలుగు మందిమి ఉన్నాము, మాట అనువదించేవారు ఇద్దరే. వరుస మధ్యాహ్నానికే మైదానం దాటింది. రక్తపోటు ఎక్కువగా ఉన్న ఒక పెద్దావిడకు 30 అమ్లోడిపిన్ మాత్రలు లెక్కపెట్టి నా చేతులతోనే ఇచ్చాను. పక్కనే నిలబడిన స్థానిక ఆరోగ్య కేంద్రం నర్సు ఆ కవరును చూసి, నొప్పించకుండా ఒక మాట అడిగింది: "31వ రోజున ఈమె ఎవరి దగ్గరికి వెళ్లాలి?" మేము వెళ్లిపోయాక జనం మా కవర్లు పట్టుకుని తన దగ్గరికే వస్తారనీ, వాటి మీద ఏం రాసి ఉందో తనకే చదవడం రాదనీ, పోయిన బృందం వచ్చి వెళ్లినప్పుడు కూడా ఇదే జరిగిందనీ ఆమె చెప్పింది. నేను నవ్వి సర్దుకున్నాను. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పుడు నా మీద నాకే చిరాకు వేస్తోంది.

రెండో రోజు రాత్రి, మరుసటి రోజుకు కావలసిన మందులు విడదీయమని నన్ను రేకుల కప్పున్న సామాన్ల గదికి పంపారు. పగలంతా ఎండకు కాగిన ఆ గది రాత్రి తొమ్మిదికి కూడా పొయ్యిలా ఉంది. నా గదిలోనే ఉంటున్న మరో సిస్టర్, వృత్తిరీత్యా నర్సు, టార్చి పట్టుకుని నా పక్కన నిలబడింది. పిల్లలకు ఇచ్చే అమాక్సిసిలిన్ డ్రై సిరప్ సీసా ఒకటి తీసి అలవాటు కొద్దీ చెవి దగ్గర ఊపాను. లోపలి పొడి ఇసుకలా గలగలలాడాలి. అది గడ్డకట్టి, ఒకే ముద్దగా, అడుగున కదలకుండా కూర్చుని ఉంది, అంటే తేమ చేరిందన్నమాట. సీసా తిప్పి చూశాను. గడువు తేదీ ఉండవలసిన చోట చిటికెన వేలి గోరంత తెల్ల స్టిక్కరు, దాని మీద బాల్‌పెన్నుతో రాసిన వచ్చే ఏటి తేదీ. బొటనవేలి గోటితో గీకితే ముందు కాగితం పొర ఊడింది, తర్వాత జిగురు, ఆ జిగురు కింద అసలు తేదీ. ఏడు నెలల కిందటే గడువు దాటిపోయింది. మరో సీసా గీకాను, మరొకటి గీకాను. స్టిక్కరున్న సీసాలు మొత్తం 23 తేలాయి. వేరొక పెట్టెలో "అమ్మకానికి కాదు" అని ముద్రించిన శాంపిల్ స్ట్రిప్‌లూ, ఎవరో రోగి పేరు చీటీ అంటించి ఉన్న సగం వాడిన మందు డబ్బాలూ ఉన్నాయి. టార్చి పట్టుకున్న సిస్టర్ గొంతు తగ్గించి, "అక్కా, నిన్న పిల్లలకు ఇచ్చినవి ఈ సీసాలే కదా" అంది. అవును, ఇచ్చినది నేనే.

అప్పటికప్పుడే వెళ్లి, మేమందరం బ్రదర్ గారు అని పిలిచే బృంద నాయకుడి తలుపు తట్టాను. గొంతు పెంచలేదు, నింద వేయలేదు, ఒక సీసా మాత్రం ఆయన చేతిలో పెట్టాను. ఇది నా సొంత పట్టింపు కాదని ఆయనకు తెలియాలని, మందుల విరాళాలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 1996లోనే నియమాలు రాసిందనీ, ఆ దేశానికి చేరిన తర్వాత కనీసం ఒక ఏడాది గడువు మిగిలి ఉండాలనీ, రోగులు వెనక్కి ఇచ్చినవీ ఉచిత శాంపిళ్లూ విరాళంగా పంపకూడదనీ, చీటీల మీది భాష అక్కడి వైద్య సిబ్బందికి తెలిసినదై ఉండాలనీ వివరించాను. ఆ నియమాలు ఊరికే పుట్టలేదని కూడా చెప్పాను. 1989లో యుద్ధంలో ఉన్న ఎరిత్రియాకు దయగలవారు పంపిన గడువు తీరిన ఆస్పిరిన్ ఏడు లారీల నిండా ఉంటే, దాన్ని తగలబెట్టడానికే ఆరు నెలలు పట్టింది. బోస్నియా యుద్ధం ముగిసేనాటికి ఆ దేశంలో పనికిరాని విరాళపు మందులు వేల టన్నులు పేరుకుపోయాయి.

ఆయన అంతా విన్నారు. బృందంలోని పెద్ద డాక్టరు గారు కూడా లేచి వచ్చి, గడువు దాటిన మందుల్లో చాలావాటికి శక్తి తగ్గదని అమెరికా సైన్యం నిల్వల మీద చేసిన పరీక్షల్లోనే తేలింది కదా అన్నారు. అది నిజమే, నేను కాదనలేదు. అయితే ఆ పరీక్షలు మూత తీయకుండా, సరైన చలువలో దాచిన నిల్వల మీద జరిగాయి. రేకుల గదిలో ఉడికి, తేమ తాగి గడ్డకట్టిన పిల్లల యాంటీబయాటిక్ మీద జరగలేదు. పాడైన టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మింగిన రోగులకు మూత్రపిండాలు దెబ్బతిన్నాయని 1963లోనే వైద్య పత్రికల్లో వచ్చింది. సరే, మందు పనిచేస్తుందో లేదో అన్న వాదన కాసేపు పక్కన పెడదాం, పనిచేసే మందే అయితే తేదీ మీద స్టిక్కరు ఎందుకు? ఈ ప్రశ్నకు డాక్టరు గారు నేల చూపులు చూశారు. బ్రదర్ గారు మాత్రం ఎంతో మృదువుగా, "మంచి పని చేశావమ్మా, ఇది దేవుడే నీ కళ్లకు చూపించాడు, పొద్దున్నే తేల్చుదాం" అన్నారు. ఆ మాట నమ్మి, ఆ ప్రయాణంలో మొదటిసారిగా నేను కంటి నిండా నిద్రపోయాను.

పొద్దున్నే తేల్చారు. ఆరు గంటల ప్రార్థన కూడికలో, పాట అయిన వెంటనే, ఆయన వాక్యం చదవకుండా పుస్తకం మూసి, మన మధ్య ఒకరిని సందేహాత్మ పట్టి పీడిస్తోందనీ, సేవ జరగకుండా అడ్డుకోవడానికి శత్రువు తేదీలనూ అంకెలనూ వాడుకుంటున్నాడనీ చెప్పి, నన్ను పేరు పెట్టి పిలిచి మధ్యలో మోకరించమన్నారు. నేను మోకరించాను. ఎందుకు మోకరించానని మీరు అడుగుతారు, నేనూ తొమ్మిది రోజులుగా అదే అడుగుతున్నాను. పదమూడు మంది చుట్టూ చేరి నా తల మీదా భుజాల మీదా చేతులు వేశారు. కళ్లు మూసుకుని ఉన్నా ఎడమ భుజం మీది చెయ్యి ఎవరిదో గాజుల చప్పుడు వల్ల తెలిసింది. ముందు రాత్రి టార్చి పట్టుకున్న చెయ్యి అదే. నాలో నుంచి అవిశ్వాసాన్ని తీసివేయమని ఆమె అందరికంటే గట్టిగా ప్రార్థించింది. చివర అందరూ ఆమేన్ అన్నప్పుడు నా నోటి నుంచి కూడా ఆమేన్ అని వచ్చింది. కట్టిన డబ్బు పోయినందుకు ఏడుపు రావడం లేదు, ఆ ఒక్క ఆమేన్ తలచుకుంటే వస్తోంది.

ఆ తర్వాత నాకు తోమా సిస్టర్ అని పేరు పెట్టారు, నవ్వుతూనే పిలిచేవారు. తోమా అంటే, యేసు తిరిగి లేచాడని చెప్తే గాయాలు ముట్టుకుని చూస్తే గాని నమ్మనన్న శిష్యుడు. తోమాకైనా గాయాలు ముట్టుకుని చూసుకునే అవకాశం దొరికింది, నన్ను మళ్లీ ఒక్క పెట్టె కూడా ముట్టుకోనివ్వలేదు. ఆ ఉదయం వ్యాను బయలుదేరుతుండగా, నీకు విశ్రాంతి అవసరమమ్మా అని చెప్పి తలుపు వేసుకుని వెళ్లిపోయారు. మిగిలిన ఐదు రోజులూ నేను వసతి గృహంలోనే ఉన్నాను. 23 సీసాలూ వ్యాన్లోనే వెళ్లాయి. సాయంత్రం ఖాళీ సీసాలు తిరిగి వచ్చినప్పుడు చెత్తబుట్టలో చూశాను, గీకిన గుర్తులున్నవి కూడా అందులో ఉన్నాయి. అంటే గీకిన చోట మళ్లీ కొత్త స్టిక్కరు అంటించే శ్రమ కూడా ఎవరూ పడలేదు. ఆ స్థానిక నర్సుకు విషయం చెప్పాలని రెండుసార్లు నడిచి వెళ్లాను, మూడో రోజున ఆమె దొరికింది. నేను రాసుకున్న బ్యాచ్ నంబర్లన్నీ ఆమె తన రిజిస్టరులో ఎక్కించుకుంది, ఆశ్చర్యపోలేదు, నన్ను తిట్టలేదు. మొత్తం ప్రయాణంలో నేను చేసిన వైద్య సేవ ఏదైనా ఉందంటే అది ఆ పదిహేను నిమిషాల పనే.

ఇక డబ్బు సంగతి. చేయనివ్వని ఐదు రోజుల సేవకు కట్టినదైనా తిరిగి ఇవ్వమని వచ్చిన మరునాడే రాశాను. రశీదు చూసుకోమన్నారు. చూసుకున్నాను. "స్వచ్ఛంద కానుక, తిరిగి ఇవ్వబడదు" అని ఉంది. నేను సంతకం చేసిన నాలుగు పేజీల పత్రంలో చివరి పేజీ చివరి పేరాలో, బృందంలో జరిగిన విషయాలను బయట మాట్లాడకూడదని కూడా ఉంది. మందు డబ్బాలోని అతి చిన్న అక్షరాల కాగితాన్ని చదవమని రోజుకు పదిమందికి చెప్పే మనిషిని నేను, నా సంతకం కింద ఏముందో చదవలేదు. కానుక వేసి లెక్క అడుగుతారా అని వారు పంపిన జవాబులోని వాక్యానికి నా దగ్గర ఇంకా సమాధానం తయారు కాలేదు.

వెళ్లవద్దని నేను ఎవరికీ చెప్పడం లేదు, అక్కడ ఏళ్ల తరబడి నిలిచి, స్థానిక ఆసుపత్రితో కలిసి మౌనంగా పనిచేసే మిషన్ వైద్యులు నిజంగానే ఉన్నారు. అయితే డబ్బు కట్టే ముందు మందుల జాబితాను బ్యాచ్ నంబర్లతో, గడువు తేదీలతో సహా అడగండి. ఆ దేశపు ఆరోగ్య శాఖ ఇచ్చిన అనుమతి లేఖ నకలు అడగండి, మీరు వచ్చేశాక ఆ రోగులను చూసే స్థానిక వైద్యులెవరో పేరు చెప్పమనండి. రశీదు మీద ఆ మొత్తాన్ని రుసుము అని రాస్తారా, కానుక అని రాస్తారా అన్నది ముందే తేల్చుకోండి. ఇవి అడిగినందుకు మీ విశ్వాసాన్ని ఎవరైనా తూకం వేయడం మొదలుపెడితే అక్కడితో ఫోను పెట్టేయండి.

రాయడం ముగించబోతుండగా ఎవరో వారి కొత్త ప్రకటన పంపారు. అందులో నా ఫొటో ఉంది. మొదటి రోజు వరండాలో తీసినది, ఒక తల్లికి సిరప్ సీసా అందిస్తూ పళ్లన్నీ కనిపించేలా నవ్వుతున్నాను, కింద "ఆనందంతో సేవ చేస్తున్న మన సిస్టర్" అని రాశారు. ఫొటోను పెద్దది చేసి చూస్తే నా వేళ్ల మధ్య తెల్ల స్టిక్కరు స్పష్టంగా కనిపిస్తోంది. వెంటనే తీసివేయమని రాశాను. మూడు గంటల తర్వాత జవాబు వచ్చింది: "మీ కొరకు ప్రార్థిస్తున్నాము, సిస్టర్." ఫొటో మాత్రం ఇంకా అలాగే ఉంది.