ఫైలు ఎక్కడుందో చూపడానికి ఏది మేలు: పూర్తి దారా, చుక్కలా?

చీమకుర్తిలో ఒక గెలాక్సీ గ్రానైట్ ఫ్యాక్టరీకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసిచ్చాను. అందులో ‘ఇటీవలి ఫైళ్లు’ అని ఒక లిస్టు. దారి, అంటే ఫైలు ఏ డ్రైవ్‌లో ఏ ఫోల్డర్లలో ఉందో చెప్పే వరస, పొడవైతే చివర కోసి మూడు చుక్కలు పెట్టేశాను. వారం తిరక్కుండా గుమాస్తా గారి ఫోన్: “ఏంది బాబూ ఇది, అన్నీ ఒకటే మాదిరి కనపడతా ఉండాయి!” నిజమే, వరసగా ఎనిమిది లైన్లూ ‘డి:\లెక్కలు\చీమకుర్తి\…’ అనే ఉన్నాయి. ఫైలు పేరు ఉండేది చివర్లో, నేను కోసిందీ అక్కడే.

పోనీ మొత్తం చూపిద్దామంటే, విండోస్‌లో దారి మామూలుగా 260 అక్షరాల దాకా పోవచ్చు. ఆయన దగ్గరున్నది పాత చిన్న మానిటర్.

నడుమ కోద్దామనుకున్నాను. విండోస్‌లో పాత్‌కాంపాక్ట్‌పాత్ అనే ఫంక్షన్ దీనికోసమే ఉంది. ఫైలు పేరు ఉంచి, ముందున్న ఫోల్డర్లను చుక్కలు చేస్తుంది. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. తీరా చూస్తే లిస్టులో ‘డి:\…\మార్చి బిల్లులు’ రెండు! ఒకటి 2023-24ది, ఇంకోటి 2024-25ది. తేడా చెప్పే సంవత్సరమే చుక్కల్లో మునిగింది. ఆయన పదకొండు బిల్లులు పాతదాంట్లో ఎక్కించారు. ఆ రోజు తిట్లు నాకే.

తెలుగు పేర్లతో ఇంకో తంటా. కంప్యూటర్‌కు గుణింతం గుర్తులు, పొల్లు కూడా విడి అక్షరాలే. ఆ లెక్కన ఏడింటి దగ్గర కోస్తే ‘చీమకుర్తి’ కాస్తా ‘చీమకుర్’ అవుతుంది. కోసేటట్టయితే ఫోల్డర్ పేరు మొత్తం తీసేయాలి, సగంలో నరక్కూడదు.

విండోస్ విస్టా నుంచి అడ్రస్ బార్‌లో ఫోల్డర్లు బాణాలతో విడివిడిగా వస్తున్నాయి కదా, తెరిచి ఉన్న ఒక్క ఫైలుకైతే నా ఓటు దానికే. ఏ పేరు మీద నొక్కితే ఆ ఫోల్డర్‌లోకి పోవచ్చు. లిస్టులో పెడితే మాత్రం చోటంతా అదే తినేస్తుంది.

లిస్టుకు చివరికి వీఎస్ కోడ్ (ప్రోగ్రాములు రాసుకునే ఎడిటర్) పద్ధతి పట్టాను. అందులో ఒకే పేరున్న రెండు ఫైళ్లు తెరిస్తే, ట్యాబ్‌లో పేరు పక్కన ఫోల్డర్ కూడా కనపడుతుంది. ఇప్పుడు నా లిస్టులో ముందు లావు అక్షరాల్లో ‘మార్చి బిల్లులు’, కింద సన్నగా ‘2024-25’. మౌస్ పెడితే పూర్తి దారి.

ఎర్రర్ మెసేజీలో మాత్రం ఒక్క ముక్క కూడా కోయలేదు. గుమాస్తా గారు ఫోన్‌లో నాకు చదివి వినిపించేది అదే మరి, “డి, అడ్డగీత, లెక్కలు, మళ్లీ అడ్డగీత…” అంటూ.