569 చుక్కల ముగ్గు: కెప్లర్‌మ్యాపర్ వాడి చూశాను

డిగ్రీ విద్యార్థులకు స్టాటిస్టిక్స్ చెప్పే నాకు టోపాలజీ (ఆకారాల గణితం) అంటే ఎం.ఎస్సీ.లో ఎలాగో గట్టెక్కిన పేపరు, అంతే. నికోలావ్, లెవిన్, కార్ల్‌సన్ అనే పరిశోధకులు 2011లో రొమ్ము క్యాన్సర్ జన్యు సమాచారం నుంచి, అందరూ బతికి బయటపడిన ఒక చిన్న రోగుల గుంపును టోపాలజీ దారిలోనే పట్టుకున్నారని చదివాక ఆశ పుట్టింది. కెప్లర్‌మ్యాపర్ ఆ పద్ధతిలో సమాచారాన్ని బొమ్మగా చూపే ఉచిత పైథాన్ లైబ్రరీ కాబట్టి జేబుకు చిల్లు పడలేదు.

పట్టికను 'లెన్స్' అనే కొలత ప్రకారం పరిచి, అంచులు ఒకదానిపై ఒకటి ఎక్కేలా ముక్కలు చేస్తుంది. ఒక్కో ముక్కలో దగ్గరగా ఉన్న వరుసలు కలిసి ఒక నోడ్, అంటే బొమ్మలో ఒక గుండ్రని గుర్తు. ఒకే వరుస రెండు నోడ్లలో పడితే వాటి మధ్య గీత. 2007లో సింగ్, మెమోలి, కార్ల్‌సన్ చెప్పిన మ్యాపర్ పద్ధతి ఇదే.

విస్కాన్సిన్ రొమ్ము కణితుల పట్టిక ఇచ్చాను: 569 వరుసలు, 30 కొలతలు. మొదటిసారి ఒక్క నోడ్ కూడా రాలేదు! తప్పు నాదే. గుంపులు కట్టే డీబీస్కాన్‌కు ముందే పెట్టి ఉన్న దూరం 0.5. 30 కొలతల మధ్య అంత దగ్గరగా ఎవరుంటారు? కె-మీన్స్‌కు మార్చి, రెండు గుంపులు చేయమన్నాను. బొమ్మ వచ్చింది. క్యాన్సర్ కణితులు చాలావరకు ఒక కొసకు చేరాయి. సంబరపడ్డాను కానీ, నేను ఎంచుకున్న లెన్స్ దాదాపుగా కణ కేంద్రకాల పరిమాణమే. సగం పని అదే చేసిపెట్టింది. పైగా రెండు చేయమంటే కె-మీన్స్ ఒకే గుంపునైనా రెండుగా చీల్చే తీరుతుంది.

మా అమ్మ తెర చూసి "ఎన్ని చుక్కలు?" అంది. పట్టికలోని వరుసలు లెక్కేసి 569 అన్నాను. "వాకిలి చాలదు" అంది.

మధ్యలో ఒక వలయం కనిపిస్తే సాయంత్రమంతా దాని అర్థం వెతికాను. ముక్కల అంచులు ఎంత మేర ఒకదానిపై ఒకటి ఎక్కాలో చెప్పే అతివ్యాప్తి 0.5 నుంచి 0.3కి తగ్గించగానే అది తెగిపోయింది. చుక్కలు అవే, ముగ్గు మారింది. ఏ వలయం ఎంత దూరం వరకు నిలుస్తుందో లెక్కగట్టే రిప్సర్‌ను పక్కన పెట్టుకోకపోతే ఈ బొమ్మల్ని నమ్మడం కష్టం.

చూడటానికి మాత్రం హాయిగా ఉంది. ఫలితం బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది, నోడ్లను లాగి ఆడుకోవచ్చు. పిల్లలకు చూపిస్తాను. పరీక్ష ప్రాజెక్టుల్లో పెడితే మాత్రం ముక్కలెన్ని, అతివ్యాప్తి ఎంత, ఏ లెన్స్ అన్నది బొమ్మ కిందే రాయమంటాను. రాయకపోతే మార్కులు లేవు.