బిలాంగింగ్సా, పొసెషన్సా, స్టఫ్ఫా, ప్రాపర్టీనా: మన వస్తువులకి ఇంగ్లీషులో ఏ మాట మేలు?

"నా సామాను" అని మనం ఒక్క మాటతో తేల్చేసేదానికి ఇంగ్లీషులో అరడజను మాటలున్నాయి, డిక్షనరీ చూస్తే అన్నిటికీ ఇంచుమించు ఒకటే అర్థం, కానీ ఒకదాని చోట ఇంకోటి పెడితే అవతలివాళ్ళకి ఇంకేదో అర్థమవుతుంది. మా ఫ్రెండ్ ఒకడు బస్సులో బ్యాగ్ మర్చిపోయి కంప్లైంట్ మెయిల్‌లో "ఐ లాస్ట్ మై ప్రాపర్టీస్" అని రాశాడు. బ్యాగులో ఉన్నవి రెండు చొక్కాలు, చార్జర్, కళ్ళజోడు. ప్రాపర్టీస్ అని బహువచనంలో అంటే చదివేవాళ్ళకి ఇళ్ళు, స్థలాలే గుర్తొస్తాయి కదా, అసలు ఏం పోయిందో వివరంగా రాయండి అని మళ్ళీ మెయిల్ వచ్చింది.

అక్కడ "బిలాంగింగ్స్" అంటే సరిపోయేది. నా ఓటు మొదట దీనికే. మనతో మోసుకెళ్ళగలిగే బట్టలు, ఫోను, పుస్తకాలు అన్నీ ఇందులోకి వస్తాయి, ఇల్లూ పొలం రావు. చివర ఎస్ మాత్రం ఎప్పుడూ ఉండాల్సిందే, "ఎ బిలాంగింగ్" అని ఎవరూ అనరు, ఒక్క వస్తువే అయితే "దిస్ బిలాంగ్స్ టు మి" అంటే చాలు.

పొసెషన్స్ కాస్త బరువైన మాట. "షి లాస్ట్ ఆల్ హర్ పొసెషన్స్ ఇన్ ది ఫైర్" అన్నప్పుడు ఉన్నదంతా పోయిందన్న బాధ అందులో వినపడుతుంది, అదే రూమ్మేట్‌తో "మూవ్ యువర్ పొసెషన్స్" అంటే అస్సలు అతకదు. ఇంకో సంగతి, ఎస్ తీసేసి పొసెషన్ అంటే సొంతం కాకపోయినా మన చేతిలో ఉండటం. దొంగ ఫోను ఎవరి జేబులో దొరికితే వాళ్ళు "ఇన్ పొసెషన్ ఆఫ్ ఎ స్టోలెన్ ఫోన్". ఈ తేడా మనకి కొత్తేం కాదు. "నాకు ఇల్లుంది" అంటాం, "నా దగ్గర నీ పుస్తకం ఉంది" అంటాం. ఆ "దగ్గర" అన్నదే పొసెషన్. అందుకే "ఐ హ్యావ్ యువర్ బుక్" అనొచ్చు గానీ "ఐ ఓన్ యువర్ బుక్" అంటే అర్థమే మారిపోతుంది. అన్నట్టు, సొంతం అనే అర్థంలో "ఐ యామ్ హ్యావింగ్ ఎ కార్" తప్పు, "ఐ హ్యావ్ ఎ కార్" అనాలి.

స్నేహితుల మధ్య స్టఫ్‌ని మించింది లేదు, ఆఫీసు లెటర్లలో మాత్రం వద్దు. దీనికి బహువచనం లేదు, స్టఫ్స్ అనకండి. ఫర్నిచర్, లగేజ్ కూడా అంతే, ఒకటి అని చెప్పాలంటే "ఎ పీస్ ఆఫ్ లగేజ్".

ఇక ప్రాపర్టీ. ఏకవచనంలో ఉంటే చిన్న గొడుగుకి కూడా చెల్లుతుంది, పోయిన వస్తువులు దాచే చోటుని బ్రిటన్‌లో "లాస్ట్ ప్రాపర్టీ" అనే అంటారు, అమెరికాలో అయితే "లాస్ట్ అండ్ ఫౌండ్". అంటే మా ఫ్రెండ్‌ని దెబ్బతీసింది ఆ చివరి ఎస్సే.

అసెట్స్ లెక్కల మాట, విలువ కట్టేటప్పుడే వాడాలి. పాత ఫ్రెంచిలో "చాలినంత" అనే మాట నుంచి వచ్చింది, అప్పులు తీర్చడానికి చాలినంత ఆస్తి అన్నమాట. చరాస్తిని చాటెల్ అంటారు, పశువులకి వాడే క్యాటిల్ కూడా ఆ వేరు నుంచి పుట్టిందే. మన సొమ్ము కూడా అంతే, డబ్బూ అదే, నగలూ అవే, కొన్ని చోట్ల పశువుల్నీ సొమ్ములే అంటారు. నాకు భలే నచ్చిన పోలిక ఇది.

"పర్సనల్ ఎఫెక్ట్స్" అనేది ఆస్పత్రి, పోలీసు, కస్టమ్స్ కాగితాల్లో కనపడుతుంది, చనిపోయినవాళ్ళ వస్తువుల గురించి కూడా ఇదే వాడతారు. కాగితం మీద తప్పేం లేదు. కానీ తల్లిని పోగొట్టుకున్న మనిషితో మాట్లాడేటప్పుడు ఆ మాట వాడకండి, "హర్ థింగ్స్" అనండి చాలు.