ఖాళీ చేసే ముందు కిలో పుట్టీ ప్యాకెట్: అడ్వాన్సును ఎంతవరకు కాపాడుతుంది?

ఇల్లు ఖాళీ చేస్తామని చెప్పగానే ఓనరు గారి చూపు ముందు గోడల మీదే పడుతుంది. విజయనగరంలో తోటపాలెం, కంటోన్మెంట్, దాసన్నపేట ఎక్కడి వాటా అయినా "రంగులకి ఇంత పట్టుకుంటాం" అన్న మాట మామూలే. కేలండర్ మేకులు, కర్టెన్ రాడ్ కన్నాలు, టీవీ స్టాండు తీశాక మిగిలిన నాలుగు బొక్కలు చూపించి ఆ మాట అంటారు. వీటి వరకు హార్డ్‌వేర్ షాపులో దొరికే కిలో వైట్ సిమెంట్ పుట్టీ (నీళ్లలో కలిపి గోడ కన్నాలు పూడ్చే పొడి) ప్యాకెట్ చక్కగా పనిచేస్తుంది. అయిదుకి నాలుగు మార్కులు. చెమ్మ గోడకీ పాత సున్నం గోడకీ అది పట్టదు కాబట్టి ఒక మార్కు తగ్గింది. అలాంటి గోడలు మన వైపు తక్కువేం కాదు.

బిర్లా వైట్, జేకే లాంటి కంపెనీల పుట్టీ కిలో ప్యాకెట్లలో వస్తుంది. రెండు గదుల వాటాలో ఇరవై మేకు బొక్కలు, ఒక డజను స్క్రూ కన్నాలు ఉన్నా పావు కిలో కూడా ఖర్చవదు, కాబట్టి పెద్ద సంచి కొనకండి. సముద్రపు తేమకి షాపులో ఉండగానే పొడి పాడవుతుంది. ప్యాకెట్‌ను వేళ్లతో నొక్కి చూడండి. నొక్కగానే చితికే గడ్డ అయితే ఫర్వాలేదు. గులకరాయిలా గట్టిగా తగిలితే లోపల సిమెంట్ అప్పటికే బిగుసుకుందన్నమాట, అది వద్దు. విడిగా తూచి కవర్లో కట్టిచ్చే పొడిని అసలే తీసుకోకండి.

కలపడంలో కొలత తప్పకూడదు. 100 గ్రాముల పొడికి 35 నుంచి 40 మిల్లీలీటర్ల నీళ్లు. చపాతీ పిండి కంటే జారుగా, ఇడ్లీ పిండి కంటే గట్టిగా రావాలి. పది నిమిషాలు వదిలేసి మళ్లీ కలపాలి. రెండు మూడు గంటల్లో వాడేయాలి. గట్టిపడ్డాక నీళ్లు చల్లి మెత్తబరిస్తే చూడ్డానికి బాగానే ఉంటుంది గానీ గోడని పట్టుకోదు, ఆరాక పొడిలా రాలుతుంది. ఇది సిమెంట్ కాబట్టి చేతికి గ్లౌజులు, రుద్దేటప్పుడు ముక్కుకి గుడ్డ తప్పనిసరి.

ఎక్కువ మంది పని చెడగొట్టుకునేది స్క్రూ పట్టడానికి కన్నంలో దూర్చే ప్లాస్టిక్ ప్లగ్ దగ్గర. స్క్రూ తీసేసి, ప్లగ్‌ని గోడలోనే ఉంచి పైన పుట్టీ పూసేస్తారు. ప్లాస్టిక్‌కి సిమెంట్ అంటదు. వారం తిరక్కుండానే ప్లగ్ చుట్టూ రూపాయి బిళ్లంత గుండ్రటి గీత తేలుతుంది. స్క్రూని ప్లగ్‌లోకి రెండు చుట్లు తిప్పి, కటింగ్ ప్లేయర్‌తో పట్టుకుని నిదానంగా లాగితే ప్లగ్ కూడా వచ్చేస్తుంది. మేకు లాగిన చోట బొక్క అంచు పెదవిలా పైకి లేచి ఉంటుంది. దాన్ని బ్లేడుతో చెక్కేయకపోతే ఎంత రుద్దినా ఆ మచ్చ ఎత్తుగానే కనిపిస్తుంది.

పుట్టీ పొర మొత్తం ఒకటిన్నర మిల్లీమీటరు దాటితే పగులుతుంది. అందుకే లోతైన కన్నాన్ని పుట్టీతో ఒకేసారి నింపకూడదు. ఒక వంతు సిమెంట్, మూడు వంతుల సన్న ఇసుకతో మాలు కలిపి, కన్నంలో దుమ్ము దులిపి, నీళ్లు చిలకరించి, గోడ మట్టానికి కాస్త లోపలికే ఆగేలా నింపండి. ఒక రోజు ఆగి పైన పుట్టీ రెండు పల్చటి పొరలుగా వేయండి. ఆరాక 400 లేదా 500 నంబరు ఎమరీ కాగితంతో రుద్దాలి. రాత్రి టార్చిని గోడకి ఆనించి పక్కగా వెలుతురు వేస్తే, పగలు కంటికి ఆనని గుంటలు కూడా నీడలతో సహా దొరికిపోతాయి.

పని అక్కడితో అయిపోలేదు. రంగేయని తెల్లటి చుక్కలు మేకు బొక్కల కంటే ముందు కళ్లలో పడతాయి. ప్రైమర్ (రంగుకి ముందు వేసే పూత) లేకుండా రంగేస్తే పుట్టీ దాన్ని పీల్చేసుకుని అక్కడ వెలిసిపోయిన మచ్చ మిగులుతుంది. షేడ్ నంబరు ఓనర్ని అడిగి తీసుకోండి. లేకపోతే గోడ మీది రంగు పెచ్చు ఒకటి టింటింగ్ మెషిన్ (అడిగిన రంగు కలిపిచ్చే మెషిన్) ఉన్న షాపుకి తీసుకెళ్లండి. అయినా నాలుగేళ్ల పాత రంగుతో కొత్త రంగు అతుకు కలవదు. మచ్చల వరకే కాకుండా ఈ మూల నుంచి ఆ మూల దాకా గోడంతా వేసేయండి.

సున్నం గోడని పోల్చుకోవడం తేలిక. అరచేత్తో రాస్తే తెల్లగా అంటుకుంటుంది. దాని మీద వేసిన పుట్టీ సున్నంతో సహా పెచ్చుగా ఊడుతుంది. ప్లాస్టరు కనపడేదాకా గీకి అప్పుడు వేయాలి. చెమ్మ గోడ సంగతి వేరు. ఉప్పు పొంగి రంగు బుడగలు లేచిన చోట పుట్టీ పెట్టడం డబ్బు దండగ. నీరు బాత్‌రూమ్ వైపు నుంచో స్లాబు నుంచో దిగుతుంటే, ఆ మరమ్మతు అద్దెకున్నవాళ్ల మీద పడకూడదు. ఇంట్లో అద్దెకి దిగిన రోజునే ఆ మచ్చ ఫొటో తీసి ఓనరుకి వాట్సాప్‌లో పంపి ఉంచండి. అక్టోబరు మన వైపు తుఫాన్ల నెల: హుద్‌హుద్ తుఫాను 2014లో, తిత్లీ తుఫాను 2018లో, రెండూ అక్టోబరులోనే వచ్చాయి. ఆ నెలలో ఖాళీ చేసేవాళ్లు పుట్టీ ఆరడానికి రెట్టింపు రోజులు చూసుకోవాలి.

అద్దె ఇళ్ల గురించి కేంద్రం 2021లో ఆమోదించిన మోడల్ టెనెన్సీ చట్టం ఒక నమూనా, రాష్ట్రాలు తెచ్చుకుంటేనే కట్టుబాటు. కానీ మాట్లాడుకోవడానికి మంచి కొలబద్ద. ఇళ్లకి అడ్వాన్సు రెండు నెలల అద్దె మించకూడదంటుంది. వేరేగా రాసుకోకపోతే గోడలకి వెల్ల, తలుపులు కిటికీల రంగులు, లోపలి వైరింగ్ ఓనరు బాధ్యత. కుళాయి వాషర్లు, కాలువ శుభ్రం, స్విచ్చులు, సాకెట్లు, తాళాలు, కిటికీ అద్దాలు అద్దెకున్నవాళ్ల బాధ్యత. మీ అగ్రిమెంటులో "రంగుల ఖర్చు అద్దెదారుడిదే" అని ఉందేమో ముందు చూసుకోండి. ఉంటే ఈ వాదన నిలవదు.

ఒక్క గోడ పాడైతే ఇల్లంతటి రంగుల ఖర్చు పట్టుకోవడం న్యాయం కాదు. పది అడుగుల ఎత్తు, పది అడుగుల వెడల్పు గోడ అంటే వంద చదరపు అడుగులు. పెయింటర్‌తో ఆ వందకే రేటు చెప్పించి, కాగితం మీద రాయించి ఓనరు గారి ముందు పెట్టండి. రంగు వేసి ఎన్నేళ్లయిందో కూడా అక్కడే అడగండి.

ఖాళీ చేయడానికి పది రోజుల ముందు మొదలుపెడితే ఈ పని హడావిడి లేకుండా అవుతుంది. తాళం ఇచ్చే రోజు కరెంటు మీటరు రీడింగ్ ఫొటో తీసుకోండి, విద్యుత్ సంస్థ ఈపీడీసీఎల్ ఆఖరి బిల్లు దగ్గర పేచీ రాకుండా. మిగిలిన రంగు డబ్బా మీద షేడ్ నంబరు, ఏ గోడకి వేశారో రాసి ఇంట్లోనే వదిలేయండి.