ఏసీ1200 రౌటర్: జిరాక్స్ షాపులో మూడేళ్లు వాడాక

దేవరకొండలో మాది జిరాక్స్, ఆన్‌లైన్ సెంటర్. కింద షాపు, పైన ఇల్లు. మూడేళ్ల కింద కొన్న రౌటరే ఇప్పటికీ రెండింటికీ నడుస్తోంది. రెండు బ్యాండ్లు, నాలుగు యాంటెన్నాలు, గిగాబిట్ పోర్టులు ఉన్న ఏసీ1200 రకం. 2.4 గిగాహెర్ట్జ్ మీద 300, 5 గిగాహెర్ట్జ్ మీద 867 మెగాబిట్లు అని డబ్బా మీద ఉంటుంది. మేం తీసుకున్న కనెక్షనే 100 మెగాబిట్లు. షాపులో 5 మీద 90 దాకా వస్తుంది. పైన రాతిగోడ వెనక గదికి 5 అందదు, 2.4 అందుతుంది, 30 అటుఇటుగా వస్తుంది. వేగం సంగతి ఇంతే. నేను రాయాలనుకున్నది సెట్టింగుల గురించి. ఈ రకం రౌటర్లలో మెనూలు దాదాపు ఒకేలా ఉంటాయి, ఏ కంపెనీది కొన్నా పనికొస్తుంది.

అంతకుముందు నెట్ కనెక్షన్‌తో వచ్చిన ఫైబర్ డబ్బా వైఫైనే వాడేవాళ్లం. బిగించిన అబ్బాయి "పాస్‌వర్డ్ మీ ఫోన్ నంబరే పెట్టిన అన్నా, యాదికుంటది" అని పోయాడు. ఆ నంబరు మా షాపు బోర్డు మీద జానెడు అక్షరాలతో ఉంది. డిగ్రీ అడ్మిషన్లకు దోస్త్ దరఖాస్తుల గడువు దగ్గరపడ్డ ఒక సాయంత్రం, కౌంటర్ ముందు నిలబడ్డ పిల్లవాడు తన ఫోన్ చూపించి, "అన్నా, మీ స్కాన్ ఫోల్డర్ నా ఫోన్ల కనబడుతుంది" అన్నాడు. చూస్తే నిజమే. ఆధార్ కార్డులు, పట్టాదారు పాసుపుస్తకాలు, కులం సర్టిఫికెట్లు, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు నన్ను నమ్మి ఇచ్చిన కాగితాలన్నీ అందులో ఉన్నాయి. ఆ ఫోల్డర్‌కు పాస్‌వర్డ్ పెట్టకుండా షేర్ చేసింది నేనే. ఆ పిల్లవాడు మంచివాడు కాబట్టి చెప్పాడు. చెప్పకుండా పోయినవాళ్లు ఎందరో నాకు తెలియదు. ఆ రాత్రి నిద్రపట్టలేదు. ఫోల్డర్ షేరింగ్ అప్పుడే తీసేశాను, రెండు రోజులకు రౌటర్ కొన్నాను.

బిగించడం గంట పని. ఫైబర్ డబ్బాను బ్రిడ్జ్ మోడ్‌లో, అంటే నెట్‌ను రౌటర్‌కు దాటించే పని మాత్రమే చేసేలా పెట్టించి, దాని నుంచి వైరు కొత్త రౌటర్‌లో బయటి నెట్ వచ్చే వాన్ పోర్టుకు ఇచ్చాం. రౌటర్ ఆపరేటర్ నెట్‌లోకి లాగిన్ కావడానికి వాడే పీపీపీఓఈ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కోసం ఆపరేటర్‌కు మూడుసార్లు ఫోన్ చేయాల్సి వచ్చింది. కనెక్షన్ తీసుకున్న రోజే అవి రాయించి పెట్టుకోండి, రౌటర్ రీసెట్ అయితే మళ్లీ అవే కావాలి. కొత్తది పెట్టిన వారం తర్వాత చూస్తే పాత డబ్బా వైఫై ఇంకా వస్తూనే ఉంది, అదే పాత పాస్‌వర్డ్‌తో. దాన్ని ఆపకపోతే కొత్తది కొని లాభం లేదు, ముందు తలుపుకు తాళమేసి పెరటి తలుపు తీసి పెట్టినట్టే.

తాళాలు రెండు ఉంటాయని చాలామందికి తెలియదు. వైఫై పాస్‌వర్డ్ ఇంట్లోకి రావడానికి, అడ్మిన్ పాస్‌వర్డ్ రౌటర్ సెట్టింగులు మార్చడానికి. రెండోది అడ్మిన్, అడ్మిన్ అనే వదిలేస్తే, వైఫై తగిలిన ఎవరైనా బ్రౌజర్‌లో 192.168.0.1 కొట్టి లోపలికి వెళ్లొచ్చు. సైటు పేరు కొడితే ఎక్కడికి వెళ్లాలో చెప్పే డీఎన్ఎస్‌ను మార్చేసి మన బ్యాంకు పేరుతో దొంగ పేజీ చూపించే ప్రయత్నమూ చేయొచ్చు. వైఫై పాస్‌వర్డ్ 8 నుంచి 63 అక్షరాల దాకా పెట్టొచ్చు. నేను మా ఇంట్లో తప్ప ఎవరూ వాడని నాలుగు తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో కలిపి రాసి పెట్టాను. మా అమ్మ కూడా మర్చిపోదు.

మూడేళ్లలో నాకు ఎక్కువ పనికొచ్చింది గెస్ట్ నెట్‌వర్క్, అంటే బయటివాళ్లకు అదే రౌటర్ నుంచి విడిగా ఇచ్చే వైఫై. షాపుకొచ్చేవాళ్లకు అదే ఇస్తాను. గెస్టులు లోపలి నెట్‌వర్క్ చూడొచ్చా, ఒకరినొకరు చూడొచ్చా అనే రెండు గడులుంటాయి, రెండింటికీ టిక్ తీసేయాలి. క్యూఆర్ కోడ్ ప్రింట్ తీసి గోడకు అంటించాను, నెలకోసారి పాస్‌వర్డ్ మార్చి కొత్తది అంటిస్తాను. దీనివల్ల ఒక ఇబ్బంది ఉంది. కస్టమర్ ఫోన్ నుంచి నేరుగా మా ప్రింటర్‌కు ప్రింట్ పోదు, వాట్సాప్‌లో పంపించుకోవాలి, పని అయ్యాక తుడిచేయాలి. ఆ ఇబ్బంది పడడానికి నేను సిద్ధమే.

పాస్‌వర్డ్ కొట్టకుండా బటన్‌తోనో పిన్‌తోనో వైఫైకి కలిపే డబ్ల్యూపీఎస్‌ను మొదటి రోజే ఆపేశాను. దాని పిన్ 8 అంకెలు, కానీ రౌటర్ దాన్ని రెండు ముక్కలుగా సరిచూస్తుంది, చివరి అంకె లెక్కతో వచ్చేది. కాబట్టి కోటి బదులు 11,000 ప్రయత్నాల్లో దొరికిపోతుందని 2011లోనే బయటపడింది. బయటి నెట్ నుంచి రౌటర్ సెట్టింగులు తెరవనిచ్చే రిమోట్ మేనేజ్‌మెంట్, లోపలి యాప్‌లు అడిగితే రౌటర్‌లో దారులు దానంతటదే తెరిచే యూపీఎన్‌పీ కూడా ఆపి ఉంచాను, మూడేళ్లలో ఏదీ ఆగలేదు.

వైఫై భద్రతా పద్ధతుల్లో కొత్తదైన డబ్ల్యూపీఏ3 పెడితే పాత ప్రింటర్ కలవలేదు. డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 కలిపిన మోడ్‌లో కలిసింది. ఒక్కో ఫోన్‌కు ఉండే గుర్తింపు నంబరు, అంటే మ్యాక్ అడ్రస్, జాబితాలో ఉంటేనే రానిచ్చే మ్యాక్ ఫిల్టర్ మీద రెండు రోజులు పోగొట్టుకున్నాను. ఆండ్రాయిడ్ 10 నుంచి, ఐఫోన్‌లో ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు అసలు మ్యాక్ అడ్రస్ బదులు మారు అడ్రస్ చూపిస్తాయి. అసలు అడ్రస్ చూసి జాబితాలో రాస్తే, ఇంట్లో ఫోన్లే బయట ఆగిపోయాయి. పైగా అడ్రస్ దొంగిలించడం తెలిసినవాడికి అదొక అడ్డే కాదు. వైఫై పేరు దాచడమూ అంతే.

లోపాలు చెప్పాలి. రౌటర్ లోపలి సాఫ్ట్‌వేర్, అంటే ఫర్మ్‌వేర్, అప్‌డేట్ దానంతటది పడదు, రెండు నెలలకోసారి నేనే వెళ్లి చూస్తాను. అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే రౌటర్ పాడయ్యే ప్రమాదం ఉంది కాబట్టి 12 వోల్టుల మినీ యూపీఎస్ పెట్టాను. దానితో కరెంటు పోయినా దరఖాస్తు సగంలో ఆగదు, ఫైబర్ డబ్బాను కూడా దానికే కలపాలి. మే నెల ఎండలకు రేకుల కింద అలమరలో పెడితే 5 గిగాహెర్ట్జ్ పడిపోయేది. గాలాడేలా గోడకు, జనం చేయి అందనంత ఎత్తులో బిగించాక ఆ బాధ లేదు. ఎత్తు ఎందుకంటే, వెనకున్న రీసెట్ బటన్‌ను పది సెకన్లు నొక్కితే పైన రాసిందంతా పోయి డబ్బాలోంచి తీసిన రోజు సెట్టింగులే వస్తాయి.

షాపుకు, మూడు నాలుగు గదుల ఇంటికి ఇది చాలు. రెండంతస్తుల రాతి ఇల్లయితే పైన ఇంకోటి కావాలి. కంపెనీ అప్‌డేట్లు ఇస్తున్నన్నాళ్లు దీన్నే వాడతాను. ఆపేస్తే, బాగా పనిచేస్తున్నా సరే, షాపులోంచి తీసేస్తాను.