చిల్లకంప దుంగలకు తగిన రంపం: స్టిల్ ఎం.ఎస్. 250తో రెండేళ్ళు

ప్రకాశం జిల్లాలో కట్టెలు కొనుక్కోనక్కరలేకుండా గడుపుకోదలచినవారికి చిల్లకంప ఉండనే ఉంది. కట్టెల కొరత తీరుతుందని 1877 ప్రాంతంలో కడప జిల్లా కమలాపురంలో విత్తనం వేయించిన ఈ సర్కారు తుమ్మ, చెరువు గర్భాలను, కాలువ గట్లను, బీళ్ళను తనవి చేసుకొన్నది. బీడును మళ్ళీ సాగులోకి తెచ్చుకోదలచిన రైతు పొక్లెయిన్ పెట్టించి, చెట్లను వేళ్ళతో సహా పెకలించి గట్టున కుప్ప వేయిస్తాడు. దానికి నిప్పు పెట్టేలోగా ఎవరైనా ట్రాక్టరు తెచ్చుకొని తరలించుకుపోతామంటే, కాదనడం అటుంచి, మంచినీళ్ళిచ్చి మరీ పంపుతాడు. గేదెలకు ఉలవలు ఉడకబెట్టడానికి, ఇంటిల్లిపాదికీ వేన్నీళ్ళు కాచడానికి మా ఇంట్లో ఏడాది పొడుగునా వాడే కట్టె అంతా ఇలా ఉచితంగా తెచ్చుకొన్నదే. ఒకరి పొలంలోనో పెరట్లోనో పడి ఉన్న చెట్టును, యజమానిని అడిగిన తరువాతే ముట్టుకొంటాము. నిలిచి ఉన్న చెట్ల జోలికి, రోడ్డు పక్క చెట్ల జోలికి పోము. వాటికి నీరు, భూమి, చెట్ల రక్షణకు చేసిన వాల్టా చట్టం ఉన్నది, అనుమతులు ఉన్నాయి, ఆ తలనొప్పి వేన్నీళ్ళ కోసం పడదగినది కాదు.

గొడ్డలితో మొదలుపెట్టి, భుజం మొరాయించిన తరువాత ఇంటర్నెట్‌లో చవకగా వచ్చిందని ఒక చైన్ రంపం తెప్పించాను. దాని పేరు ఇక్కడ అనవసరం. పెట్టె మీద 58 సి.సి. అని, 22 అంగుళాల బార్ (చైన్ తన చుట్టూ తిరిగే ఉక్కు పలక) అని గొప్పగా ముద్రించి ఉండేది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు, మా బంధువుల పెరట్లో కూలిన వేపచెట్టును కోయబోగా దాని అసలు సంగతి బయటపడింది. చైన్‌కు ఆయిల్ సరిగా అందక బార్ కాలి నీలం రంగు తిరిగింది, చైన్ అరగంటకొకసారి సాగి వదులైపోయింది, వేడెక్కిన ఇంజను మళ్ళీ అందుకోవడానికి తాడు లాగి లాగి నా పని అయిపోయింది. ఆ వేపమాను మూడు వంతులు చివరకు కూలివాళ్ళ గొడ్డళ్ళకే తెగింది.

ఆ తరువాత కొన్నదే ఈ ఎం.ఎస్. 250. కంపెనీ చెప్పే లెక్కల ప్రకారం ఇంజను 45.4 సి.సి., శక్తి 2.3 కిలోవాట్లు, బార్, చైన్, పెట్రోలు లేకుండా బరువు 4.6 కిలోలు. పాతదానికంటే చిన్న ఇంజనుకు కొన్ని రెట్లు ఎక్కువ సొమ్ము పోస్తున్నానని ఇంట్లో మాట పడ్డాను కూడా. నేను 16 అంగుళాల బార్ తీసుకొన్నాను. చిల్లకంప మొదలు దగ్గర నాలుగైదు కాండాలుగా చీలి పెరిగే చెట్టు కనుక, తొడ లావుకు మించిన దుంగ అరుదు; అంతకంటే పొడుగు బార్ మోత బరువే. గట్టిదనంలో ఈ కట్టె తుమ్మకు తీసిపోదు. అయినా పదునుగా ఉన్న చైన్‌తో ఈ మిషను దుంగలోకి తన బరువుతోనే దిగుతుంది, మనం అదమనక్కరలేదు.

పదునుగా ఉన్నంతసేపు అన్నమాటను మాత్రం మరువరాదు. పొక్లెయిన్ పెకలించిన దుంగకు మొదలు దగ్గర అరచేతి మందాన రేగడి పట్టి ఉంటుంది, వేళ్ళ సందుల్లో గులకరాళ్ళు ఇరుక్కొని ఉంటాయి. బెరడు మీది మట్టి గీరకుండా కోస్తే పది నిమిషాలలో పళ్ళు మొండి అవుతాయి. పొట్టు సన్నని పేలికలుగా కాక పిండిలా రాలడం మొదలైతే ఇక ఆపి ఆకురాయి అందుకోవలసిందే. దీని చైన్‌కు 4.8 మిల్లీమీటర్ల గుండ్రని ఆకురాయి, 30 డిగ్రీల వాలు కావాలి. చతురస్రంగా చెక్కిన పదునుమొనల చైన్ వేగంగా కోస్తుంది గానీ, మట్టి తగిలితే తొందరగా చస్తుంది. మూల గుండ్రంగా ఉండే పళ్ళ చైన్ కొంత నిదానమైనా దుమ్ముకు ఓర్చుకొంటుంది. మా వంటి పనికి రెండవదే సరి. రెండు చైన్లు పదును పెట్టి సంచిలో వేసుకొని పోవడం, ఇంటి దగ్గర తీరికగా ఆకురాయి పట్టడం నాకు అలవాటైంది. కోసే ముందు కొడవలి వీపుతో మట్టి గీరడానికి పట్టే సమయమే అసలు ఖర్చు అని, ఉచితపు కట్టెకు అదే మనం చెల్లించే ధర అని మా ట్రాక్టరు డ్రైవరుకు చెబితే, తన డీజిలు మాటేమిటని అడిగాడు.

పెట్రోలు విషయంలో కొంత జాగ్రత్త అవసరం. కంపెనీ వారి టూస్ట్రోక్ ఆయిల్ అయితే లీటరుకు 20 మిల్లీలీటర్లు, వేరేదైతే 40 కలపాలి. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో ఇథనాల్ కలిసి ఉంటున్నది, అది గాలిలోని తేమను పీల్చుకొంటుంది. అందుచేత వారానికి మించి పని లేకపోతే టాంకు ఖాళీ చేసి, ఇంజను దానంతట అది ఆగేవరకు నడపడం మంచిది. చైన్‌కు వాడేసిన ఇంజను ఆయిల్ పోయమని చెప్పేవారు ఊరికి నలుగురుంటారు. వారి మాట వినకండి.

అమ్మిన దుకాణంలో చైన్ ఎలా బిగించాలో చూపించారు, బ్రేకు సంగతి మాత్రం నేను అడిగితేనే చెప్పారు. బార్ కొన పైభాగం దుంగకు తగిలితే మిషను ఒక్కసారిగా మొహం మీదికి ఎగురుతుంది, అప్పుడు ముందరి రక్షణ పట్టీ చేతికి తగిలి చైన్‌ను ఆపాలి. కుప్పలో ఒకదానిమీద ఒకటి ఒరిగి, వంగి, బిగిసి ఉండే చిల్లకంప కాండాల మధ్య ఈ ప్రమాదం రెట్టింపు. వంగిన కాండాన్ని నొక్కుకుపోయిన వైపు ముందు కొద్దిగా గాటు పెట్టి, తరువాత సాగి ఉన్న వైపు నుంచి కోయాలి. లేకపోతే బార్ బిగుసుకుపోవడమో, కాండం విడిపోయి కాలికి తగలడమో ఖాయం. కంటి అద్దాలు, చెవులకు రక్షణ, మందపాటి బూట్లు లేకుండా ఈ మిషను తాడు లాగవద్దు. ముల్లు చెప్పును, అప్పుడప్పుడు ట్రాక్టరు టైరును కూడా దాటి వస్తుంది.

ఏడాదికొకసారి వేపకొమ్మ కొట్టుకొనే ఇంటికి ఇది అనవసరం, 30 సి.సి. తరగతిలోని చిన్న మిషను చాలు. ఏటా నాలుగైదు ట్రాక్టర్ల కట్టె కోసేవారు మాత్రం సి.సి. అంకె చూసి చవకవాటికి పోకుండా, తమ ఊరికి దగ్గరలో చైన్, ఫిల్టర్, ప్లగ్ దొరికే మిషనునే కొనాలి. నాకు ఒంగోలు ఒక గంట ప్రయాణం. రెండేళ్ళలో మూడు చైన్లు, ఒక బార్, రెండు ప్లగ్గులు మార్చాను. ఇంజనును ఇంతవరకు విప్పలేదు.