లాన్ ట్రాక్టర్ స్టార్టింగ్: నింద బ్యాటరీకి, తప్పు టాపెట్‌ది

ఏళ్ల తరబడి వాడాక ఈ లాన్ ట్రాక్టర్ (కూర్చుని నడుపుతూ గడ్డి కోసే బండి) మీద నాకు మిగిలిన కోపమంతా స్టార్టింగ్ గురించే. గడ్డి కోతకు వంక పెట్టడానికి లేదు. మలుపుల్లో చెప్పినట్టు వింటుంది, బ్లేడు ఇప్పటికీ సమంగా కోస్తుంది. ఎన్ని హార్స్‌పవర్, డెక్ ఎంత వెడల్పు అన్నవి కొనేవాళ్లందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను.

కొత్తలో తాళం తిప్పగానే అందుకునేది. ఇంత సులువుగా స్టార్టయ్యే బండి లేదని అప్పట్లో అడిగినవాళ్లందరికీ చెప్పాను. ఆ మాట ఇప్పుడూ అంటాను గానీ, టాపెట్ సెట్టింగ్, అంటే ఇంజిన్ వాల్వుల దగ్గర ఉంచాల్సిన సన్నటి సందు, సరిగ్గా ఉన్నంతకాలమేనని కలిపి చెబుతున్నాను.

కొన్ని సీజన్లు గడిచాక తాళం తిప్పితే ఇంజిన్ కొద్దిగా తిరిగి, గోడకు గుద్దుకున్నట్టు టక్కున ఆగిపోవడం మొదలైంది. తాళం వదిలి మళ్లీ తిప్పితే ఒక్కోసారి ఆ అడ్డు దాటి స్టార్టయ్యేది, ఒక్కోసారి సెల్ఫ్ మూలిగి ఊరుకునేది. కోత మధ్యలో కొమ్మ అడ్డొచ్చి బండి ఆపాలన్నా టెన్షనే, మళ్లీ లేస్తుందో లేదో తెలియదు. చూసినవాళ్లందరిదీ ఒకటే మాట, బ్యాటరీ వీక్ అని. సర్వీసుకు వచ్చిన మెకానిక్ కూడా అదే చెప్పి కొత్త బ్యాటరీ వేయించాడు. కొన్నాళ్లు ఫర్వాలేదనిపించి మళ్లీ మొదటికొచ్చింది. ఈసారి సెల్ఫ్ మోటారు మార్చాలన్నాడు. దానికి నేను ఒప్పుకోలేదు.

బ్యాటరీ దగ్గర మీటరు పెడితే 12.6 వోల్టులు చూపిస్తోంది, అంటే నిండా చార్జి ఉన్నట్టే. టెర్మినళ్లు, ఎర్త్ వైరు బిగుతుగా, శుభ్రంగా ఉన్నాయి. అప్పుడు స్పార్క్ ప్లగ్ విప్పి, దాని వైరును రంధ్రానికి దూరంగా ఎర్త్ చేసి తాళం తిప్పాను. ఇంజిన్ గిర్రున తిరిగింది. ప్లగ్ బిగించి ఫ్లైవీలును చేత్తో తిప్పితే మాత్రం పిస్టన్ పైకి వచ్చే చోట బిగుసుకుపోతోంది. సెల్ఫ్‌లో తిప్పే బలం ఉంది, కంప్రెషన్‌ను, అంటే సిలిండర్‌లో నొక్కుకుపోయిన గాలి ఒత్తిడిని, దాటే దారే మూసుకుపోయిందని అక్కడ అర్థమైంది.

ఈ రకం ఇంజిన్లలో కంప్రెషన్ రిలీజ్ అని ఒక ఏర్పాటు ఉంటుంది. స్టార్ట్ చేసేటప్పుడు, పిస్టన్ గాలిని నొక్కే సమయంలో, వాల్వులను తెరిచే క్యామ్ మీదున్న చిన్న గుబ్బ వాల్వును రవ్వంత తెరిచి కాస్త ఒత్తిడి బయటికి వదిలేస్తుంది. అందుకే అంత చిన్న సెల్ఫ్, అంత చిన్న బ్యాటరీ అంత పెద్ద సిలిండర్‌ను తిప్పగలుగుతాయి. ఆ గుబ్బ ఎత్తు చాలా తక్కువ. రాకర్‌కూ (వాల్వును నొక్కే చిన్న మీట) వాల్వుకూ మధ్య సందు పెరిగితే ఆ కాస్త ఎత్తూ సందులోనే కలిసిపోతుంది, వాల్వు కదలదు. కంప్రెషన్ మొత్తం సెల్ఫ్ మీదే పడుతుంది. చూసేవాళ్లకు అది అచ్చంగా బ్యాటరీ చచ్చినట్టే కనిపిస్తుంది.

ఇంజిన్ పూర్తిగా చల్లారాక హెడ్ కవర్ విప్పాను. పిస్టన్‌ను కంప్రెషన్ స్ట్రోక్‌లో పైకి తెచ్చి, అక్కడి నుంచి సుమారు 6 మిల్లీమీటర్లు కిందికి దించాలి. సరిగ్గా పైనే ఆపితే ఆ గుబ్బ వాల్వును ఇంకా ఎత్తి ఉంచే వీలుంది, కొలత తప్పుతుంది. నా ఇంజిన్‌కు ఇన్‌టేక్ వాల్వు సందు 0.08 నుంచి 0.13 మిల్లీమీటర్లు, ఎగ్జాస్ట్‌కు 0.13 నుంచి 0.18 ఉండాలి. మీ ఇంజిన్ అంకెలు మీ మాన్యువల్లోనే చూసుకోండి. నా ఇన్‌టేక్‌లో ఫీలర్ గేజ్ (సందులు కొలిచే సన్నటి రేకుల కట్ట) 0.25 రేకు ఏ పట్టూ లేకుండా జారిపోయింది. లాక్ నట్టు వదులు చేసి, రాకర్ నట్టు కొద్దికొద్దిగా తిప్పుతూ, సరైన రేకు లాగితే వేళ్లకు సన్నటి పట్టు తగిలేదాకా సర్దాను. లాక్ నట్టు బిగించేటప్పుడు రాకర్ నట్టు కూడా కదులుతుంది, అందుకే బిగించాక మళ్లీ కొలవాలి. ఇంజిన్‌ను రెండు చుట్లు తిప్పి ఇంకోసారి చూశాను.

కవర్ బిగించి తాళం తిప్పితే కొత్తలో అందుకున్నట్టే అందుకుంది. సెల్ఫ్ శబ్దమే మారిపోయింది, మూలుగు లేదు. ఆ సంతోషం ఇంకా పోలేదు. కోపమూ పోలేదు. మాన్యువల్లో మెయింటెనెన్స్ పట్టికలో వాల్వ్ క్లియరెన్స్ (అంటే ఈ సందే) అని ఒక్క లైనుంది. స్టార్ట్ కాకపోతే ఏం చూడాలో చెప్పే పేజీలో బ్యాటరీ ఉంది, ఫ్యూజ్ ఉంది, పెట్రోల్ ఉంది, ఇది మాత్రం లేదు. ఆ ఒక్క ముక్క రాసి ఉంటే ఎన్ని మంచి బ్యాటరీలు పాత సామాన్లలోకి పోకుండా ఉండేవో.

స్టార్టింగ్ కష్టాలన్నీ ఇదే అనుకోవద్దు. ఇంజిన్ వేగంగా తిరుగుతూ కూడా అందుకోకపోతే టాపెట్ జోలికి వెళ్లే ముందు ట్యాంకులో నిలవున్న పెట్రోల్, చోక్ పూర్తిగా మూసుకోకపోవడం, ప్లగ్, తాళం తిప్పినప్పుడు కార్బొరేటర్ కింద పెట్రోల్ దారి తెరిచే సోలినాయిడ్ టిక్కుమనడం చూడండి. అసలు చలనమే లేకపోతే బ్రేకు, బ్లేడు దగ్గరి సేఫ్టీ స్విచ్చులు. తిరిగి, ఒకే చోట ఆగిపోతే మాత్రం నా అనుమానం ముందు టాపెట్ మీదికే పోతుంది.

కొనొచ్చా అంటే, నాకైతే బాగానే కుదిరింది. నాది చదునైన నేల, పానా పట్టడం ఇష్టం, సీజన్ మొదట్లో ఒక సాయంత్రం ఇంజిన్‌కు కేటాయించగలను. ఏటవాలు నేల మీద దీని సంగతి నేను చెప్పలేను. రిపేరు మొత్తం మెకానిక్ మీదే వదిలేసేవాళ్లయితే, కొనేముందు అతని దగ్గర ఫీలర్ గేజ్ ఉందో లేదో అడగండి.